దుల్కీ పందెంల మా గుర్రం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు దిక్కు ఇగ దరిద్రం ఉండదని 1940 సంవత్సరంల మా గుర్రాల దఫ్తరు పెద్దాఫీసరు నర్సింగరావు దొర ప్రకటించిండు. వానలు పడకున్నా ఫికర్ లేదు. రైతుకొక గుర్రంపిల్ల. దాన్ని మూడేండ్లు సాకి, టాంగాకు కట్టి దుల్కీ పందెంల ఉరికించాలె. దుల్కీ అంటే వడివడి నడక. దౌడు తీస్తే ఓడినట్టే.

ఆ స్కీము లెక్క కట్టింది నేనే. పేరు మద్దిలేటి, ఆ దఫ్తర్ల గుమస్తాను. ఉలవలు, గడ్డి, నాడాలు కలిపి ఖర్చు మూడు వందల రూపాయలు. గెలిస్తే ఇనాం యాభై. మిగిలిన రెండు వందల యాభై నష్టం అని రాసిన.

దొర చూసి, "నష్టం అనే మాట సర్కారీ కాయితంల ఉంటదా?" అన్నడు.

కొట్టేసి 'పెట్టుబడి' అని రాసిన. ఎంత మంచిగ రాసిన్నంటే, అది చదివి నేనే నమ్మిన. నా భార్య జోగులమ్మ మెడల ఉన్న కంటె అమ్మి గుర్రంపిల్లను కొన్న.

నడక నేర్పమని టాంగా తోలే ఖాజా మియా దగ్గరికి కొంచవోయిన.

"గుమస్తా సాబ్, ఎన్నడన్న గుర్రాన్ని సాకినవా?"

"లేదు. లెక్క కట్టిన."

ఖాజా మియా నవ్వలేదు. గుర్రం దిక్కు జాలిగ చూసిండు.

మూడేండ్లు గుగ్గిళ్లు అది తిన్నది. ఉడికించిన నీళ్లతోని మేం చారు కాసుకున్నం. జోగులమ్మ ఒట్టి మెడతోని పొయ్యి ముందట కూసునేది, మొఖంల నవ్వు లేదు.

పందెం గద్వాలల, పొద్దుగాల పదకొండింటికి. హైదరాబాదు టపా పదింటికే పోతదని దొర నాతోని ముందే రిపోర్టు రాయించిండు.

"ఫస్టు ఎవరని రాయాలె దొరా?"

"మన గుర్రమని రాయి."

మన గుర్రమంటే దొర గుర్రమని తెల్వనంత పిచ్చోన్ని కాదు. దొర గుర్రమే ఫస్టని రాసి, 'పోటీ హోరాహోరీగ సాగింది' అని నా సొంతంగ ఒక ముక్క కలిపిన. టపా పోయింది.

పదకొండింటికి మైదానంల జనం ఉన్నరు, గుర్రాలు లేవు. రైతులు ఉలవలు కొనలేక ఎప్పుడో అమ్ముకున్నరు. దొర గుర్రానికి జలుబు. మా గుర్రం ఒక్కటే ఉరికింది. ఖాజా మియా పగ్గాలు పట్టిండు. ఒక్క అడుగు తప్పలేదు. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

ఇంటికి పోంగనే జోగులమ్మ అడిగింది.

"ఎన్ని ఉరికినయ్?"

"ఒక్కటే."

"ఎవలది?"

"మనదే."

మూడేండ్లకు ఆమె మొఖంల నవ్వు చూసిన.

"అయితె మనకు ఎన్నో నంబరు వచ్చినట్టు?"

"సెకండు," అన్న.