'ప్రాడ్'కి ఒక సాక్షి

"అది పురికొల్పడం కాదు, నస," అన్నాడు మాస్టారు నాలుగోసారి.

"పదకొండేళ్లుగా నేను చేస్తున్నది నసా?" అంది భార్య, గ్లాసు బల్ల మీద టక్కున పెట్టి.

"అదిగో, అది మాత్రం బెదిరింపు."

రిటైరైన ఇంగ్లిషు మాస్టారు పదకొండేళ్లుగా ఇంగ్లిషు-తెలుగు నిఘంటువు రాస్తున్నాడు. ముందు గది నిండా ఏ నుంచి జెడ్ దాకా డబ్బాలు, డబ్బాల నిండా కార్డులు. ఆ డబ్బాల కింద ఎక్కడో ఆవిడ కుట్టు మిషను ఉంది. ఒకప్పుడు ఆ గదిలోనే ఆవిడ కుట్టు క్లాసులు చెప్పేది. సోమవారం నుంచి మళ్లీ మొదలుపెడతానని ఆరుగురు ఆడపిల్లలకు మాటిచ్చింది. పి అక్షరం అచ్చుకి వెళ్లిన రోజున గది ఖాళీ చేస్తానని ఆయనా మాటిచ్చాడు. ఆ రోజు ఇదే. పదకొండు గంటలకి ప్రెస్సాయన వస్తాడు. ఇవాళ పి చేతికి రాకపోతే అచ్చు మిషను ఇంకో పనికి ఇచ్చేస్తానని ముందే చెప్పాడు.

మిగిలింది ఒక్క కార్డు, 'ప్రాడ్'. వేలితోనో కర్రతోనో పొడవడం, పశువును అదిలించడం, ఆ అదిలించే ములుగర్ర, అన్నీ రాసేశాడు. ఆ మాట ఎలా పుట్టిందో ఎవరికీ రూఢిగా తెలియదని తేలినప్పుడు రెండు నెలలు దిగులుపడ్డాడు. 'పోక్'కీ, ములుగర్రకున్న 'బ్రాడ్' అనే పాత మాటకీ పుట్టిన బిడ్డ కావచ్చని కొందరు ఊహించారని రాసి, ఆ దిగులూ దింపుకున్నాడు. ఇక మిగిలింది మనిషిని ఒక పనికి మెల్లగా పురికొల్పడమనే అర్థం. ఆయన నియమం ప్రకారం ప్రతి అర్థానికీ నిజంగా చెవినపడ్డ వాక్యం ఒకటి సాక్ష్యం ఉండాలి. అడిగి చెప్పించుకున్నది చెల్లదు. ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ మెల్లగా ఏదీ అనరు.

ఆవిడ వంటింట్లోకి వెళ్లి మరిదికి ఫోన్ చేసింది.

"మీ అన్నయ్య ఒక పనికి ముందుకు రావట్లేదయ్యా. పదింటికల్లా వచ్చి కాస్త మెల్లగా నచ్చజెప్పు."

"ఏ పని వదినా?"

"అది చెప్పకూడదు. ఆయన్నీ అడక్కు. అడిగితే మొత్తం చెడుతుంది."

మరిది గొంతు తగ్గించాడు. "అర్థమైంది వదినా. ధైర్యంగా ఉండు."

ఏం అర్థమైందో ఆవిడకి అర్థం కాలేదు. పదింటికి మరిది వచ్చాడు. వెనకే ఫ్లాస్కు, దుప్పటి, రెండు జతల బట్టలున్న సంచితో మాస్టారి అక్క వచ్చింది.

"ఒరేయ్ తమ్ముడూ! ఇంత పెట్టుకుని ఒక్క ముక్క చెప్పలేదేరా!"

"అన్నయ్యా, ఈ రోజుల్లో గుండె ఆపరేషనంటే పన్ను పీకినంత పని," అన్నాడు మరిది. "ఊఁ అను, చాలు."

"ఆపరేషనేంటి?" అని ఆవిడ నోరు తెరిచేలోపే మాస్టారు చెయ్యెత్తి ఆపాడు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. కలం తీశాడు.

"చేయించుకోకపోతే నా మీద ఒట్టే!" అంది అక్క.

"ఇది ఒత్తిడి," అని గొణిగాడు.

"మా ఆఫీసులో ఒకాయన ఇలాగే వాయిదా వేశాడు. ఇప్పుడాయన ఫోటో గోడ మీదుంది," అన్నాడు మరిది.

"ఇది భయపెట్టడం. ఇంకా కొంచెం మెత్తగా..."

"చూశావా, మాటలు కూడా తేడాగా వస్తున్నాయి!" అని అక్క బావురుమంది. "నువ్వు లేచి బయల్దేరరా. ఏ సాయం కావాలన్నా మేం చేస్తాం."

గడియారం పదకొండు కొట్టింది. ఈ ఏడుపులో ఒక్క మెత్తని వాక్యమైనా రాలుతుందేమోనని ఇంతసేపూ నోరు కట్టుకు కూర్చున్నందుకు ఆవిడ తనను తానే తిట్టుకుంది. ఇక నిజం చెప్పేద్దామని లేచేసరికి ప్రెస్సాయన గుమ్మంలో ఉన్నాడు. సంచి చూశాడు, ఫ్లాస్కు చూశాడు, 'ఆపరేషన్ చేయించుకోరా' అని ఏడుస్తున్న అక్కను చూశాడు.

"ఆపరేషనా! సార్, పుస్తకం ఎక్కడికి పోతుంది? ఆర్నెల్లు ఆగుదాం. ఆ మిషను మీకోసం అలాగే ఉంచుతా," అన్నాడు. చెప్పులైనా విప్పకుండా, కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయాడు.

"ఆర్నెల్లు!" అన్నాడు మాస్టారు, పిల్లాడిలా వెలిగిపోతూ. "ఎంత మంచివాడో చూశావా? ఇంకా పుష్, పుట్ కూడా తిరగరాయొచ్చు."

"అయితే ఆపరేషన్ లేదా?" అంది అక్క. ఆ ముఖంలో ఊరటకంటే నిరాశే ఎక్కువ కనిపించింది.

ఆవిడ కుర్చీలో కూలబడింది. ఏడుపు కూడా రాలేదు. తొమ్మిదేళ్ల క్రితం ఆఖరుసారి నూనె వేసిన కుట్టు మిషను గుర్తొచ్చింది. ఆరు నెలల తర్వాత క్యూ ఉంటుంది, ఆర్ ఉంటుంది, ఎస్ ఉంటుంది. ఎస్ డబ్బాలు ఏడు. ఆరుగురు పిల్లలకీ ఏమని చెప్పాలి?  తర్వాత లేచి, చీర కుచ్చెళ్లు సర్దుకుంది.

"సోమవారం తొమ్మిదింటికి ఈ గదిలో నా క్లాసు మొదలవుతుంది," అంది అందరి వైపూ చూసి. గొంతు పెంచలేదు. "ఏ నుంచి ఎల్ దాకా వదినగారింట్లో ఉంటాయి. క్యూ నుంచి జెడ్ దాకా మరిదిగారింట్లో. మధ్యవి మంచం కింద పడతాయి. మీరు రాసుకునేది వంటింటి బల్ల మీద, నా వంటయ్యాక."

 "ఇది ఆజ్ఞ," అని గొణిగి మాస్టారు కలానికి మూత పెట్టాడు. ఏ సాయమైనా చేస్తామని అక్క అందరి తరఫునా మాటిచ్చేసింది గనుక మరిది చొక్కా చేతులు మడిచి, డబ్బాలన్నీ ఒకసారి కలయజూసి, అన్నిట్లోకీ తేలికైన 'ఎక్స్' ఎత్తుకున్నాడు.