శాంక్షనైంది, మొక్కు తీరింది!

స్కాలర్‌షిప్ సకాలంలో వస్తే పిల్లలు చెడిపోతారు!

అప్పుడే కోప్పడకండి. కాస్త నిదానంగా ఆలోచించండి. పిల్ల జూన్‌లో కాలేజీలో చేరింది, జూలైలో సర్కారు ఫీజు కట్టేసింది అనుకుందాం. ఇక ఆ పిల్ల ఏం చేస్తుంది? చదువుకుంటుంది! అంతకు మించి ఏముంది? ఆదాయం సర్టిఫికెట్‌కు ఏ కిటికీ దగ్గర నిలబడాలి, కులం సర్టిఫికెట్‌కు ఏ కిటికీ, అన్నానికి లేచిన గుమాస్తా ఎన్ని గంటలకు తిరిగి కుర్చీలోకి వస్తాడు, సర్వర్ డౌన్ అంటే ఇవాళ్టికి డౌనా, ఈ వారానికి డౌనా? ఇవన్నీ ఏ సిలబస్‌లో ఉన్నాయి, చెప్పండి!

ఆలస్యంలోనే అసలు విద్య ఉంది. ఊరికే అనడం లేదు. బెల్లంపల్లిలో బట్టలు కుట్టుకునే హనుమండ్లు సంగతి తెలిశాకే అంటున్నాను.

హనుమండ్లుది బస్టాండు వెనక చిన్న దుకాణం. బొగ్గుబాయిలు జోరుగా నడిచిన రోజుల్లో పండగొస్తే అతనికి అన్నం తినే తీరిక ఉండేది కాదు. ఇప్పుడు బాయిలు తగ్గాయి, జనం తగ్గారు. ఊడిన జిప్పులు, పొడవెక్కువైన ప్యాంట్లు మాత్రం వస్తుంటాయి. భార్య పోశవ్వ బీడీలు చుడుతుంది. వాళ్లకు ఒక్కతే కూతురు, నవత. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ నర్సింగ్ చదివింది. ఫీజు మొత్తం సర్కారే కడుతుందని సీటు వచ్చిన రోజే చెప్పారు. మొదటి రెండేళ్లు కట్టింది కూడా. తర్వాతి రెండేళ్లది, అక్షరాలా లక్షా పది వేలు, రాలేదు.

రాకపోతే కొంప మునిగిందా? ఏమీ మునగలేదు. చదువు పూర్తయిన నవత సర్టిఫికెట్లన్నీ కాలేజీ వాళ్లు తమ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. ఎంత భద్రం! హనుమండ్లు ఇల్లయితే రేకుల కప్పు, వాన పడితే మంచం జరుపుకోవాలి, పైగా ఎలుకలు. బ్యాంకులో లాకరుకు ఏడాదికి ఎంత గుంజుతారో మీకు తెలియనిది కాదు. ఇక్కడ లాకరు పూర్తిగా ఉచితం. తెరవడానికి మాత్రమే లక్షా పది వేలు.

"మీరు కట్టుండ్రి. సర్కారు పైసలు పడ్డనాడు మీయి మీకు వాపస్ ఇస్తం" అన్నాడు కాలేజీ క్లర్కు.

సర్కారు మీద ఎంత నమ్మకం చూడండి! పైసలు పడతాయని అంత నమ్మకం ఉన్న కాలేజీ తనే నాలుగు రోజులు ఆగొచ్చు కదా అని మీకు అనుమానం రావచ్చు. పెద్ద సంస్థల విషయంలో అలాంటి అనుమానాలు పెట్టుకోకూడదు.

హనుమండ్లు పెట్టుకోలేదు. అతను మనుషులతో పెట్టుకోకుండా నేరుగా వేములవాడ రాజన్నకు మొక్కాడు. పొద్దున్నే స్నానం చేసి, దుకాణంలో రాజన్న పటం ముందు నిలబడి, పోశవ్వ వింటుండగా గట్టిగా మొక్కాడు.

"రాజన్నా! నా బిడ్డ స్కాలర్‌షిప్ శాంక్షన్ గావాలె. అయిన వారంల నీ గుడికాడ కోడెను కడుత!"

నాలుగు నెలలు తిరిగాయో లేదో, నవత ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. 'శాంక్షన్ అయినది. టోకెన్ నంబరు ఇదీ' అని ఉంది. హనుమండ్లు ఆ నంబరును కాగితం మీద రాయించుకుని, లామినేషన్ చేయించి, పటం పక్కన మేకుకు తగిలించాడు. మిషన్ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచి ఇంటికి వచ్చి డీసీఎం బండి మాట్లాడమన్నాడు.

"పైసలు పడ్డంక పోదం తియ్యి. రాజన్న యాడికి పోతడు?" అంది పోశవ్వ.

"మనిషి బాకీ అయితే తిప్పలు వడి కట్టుకోవచ్చు. దేవుని బాకీ ఇంట్ల పెట్టుకుంటమానే?"

"బాపు, గిది ఇంక టోకెనే" అని నవత ఏదో చెప్పబోయింది.

"మంచి పనికి పోయేటప్పుడు ఎన్కకు గుంజకు బిడ్డా" అన్నాడు.

దుకాణానికి షట్టరు, మిషన్‌కు మోటారు పెట్టించాలని ఏళ్ల తరబడి చీటీ కట్టి, ఆ ఏడాదే లేపిన నలభై వేలు బయటికి తీశాడు. ముప్ఫై అయిదుమంది చుట్టాలతో డీసీఎం బయలుదేరింది. రాజన్న గుడి చుట్టూ తిప్పి కోడెను కట్టారు. పక్కనే ఉన్న బద్దిపోచమ్మకు బోనం పెట్టారు, యాటపోతును కోశారు. చెట్ల కింద కూర్చుని అందరూ కడుపునిండా తిని, శాంక్షనైన పిల్ల అని నవత నెత్తిన చెయ్యి పెట్టి దీవించారు. ఒక ముసలమ్మ ఆ మెసేజ్ వచ్చిన ఫోన్‌ను కళ్లకద్దుకుంది. తిరిగి బెల్లంపల్లి చేరేసరికి హనుమండ్లు జేబులో మూడు వందల చిల్లర మిగిలింది. మనిషి మాత్రం పెళ్లి చేసి వచ్చినంత సంతోషంగా ఉన్నాడు.

తర్వాత ఏమైందని అడుగుతారేం? ఏమీ కాలేదు. పండగలు వచ్చాయి, పోయాయి. ఎండాకాలం వచ్చింది. హనుమండ్లు దుకాణం కట్టేసి జిల్లా ఆఫీసుకు వెళ్లాడు. అక్కడి గుమాస్తా మంచివాడు, మూడోసారికే సమాధానం చెప్పాడు.

"శాంక్షన్ వేరే పెద్దమనిషీ, రిలీజ్ వేరే. శాంక్షనంటే ఇస్తమన్నట్టు. రిలీజంటే ఇచ్చినట్టు. మీకు ఇస్తమన్నరు. ఇంక ఇయ్యలే."

హనుమండ్లు బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా దీని గురించే ఆలోచించాడు. ఇంటికి రాగానే చెప్పులు కూడా విడవకుండా గడపలోనే కూలబడ్డాడు.

"తప్పు నాదేనే పోశవ్వా! నేను శాంక్షన్ గావాలెనని మొక్కిన. రాజన్న శాంక్షన్ చేయించిండు. రిలీజ్ ముచ్చట నేనే ఎత్తలే!"

చూశారా! ఎనిమిదో తరగతి చదివిన దర్జీకి ట్రెజరీ నియమాలు ఎలా వంటబట్టాయో! ఫీజు సకాలంలో వచ్చి ఉంటే ఈ జ్ఞానం కలిగేదా? అర్జీలో రాసింది రాసినట్టు, నాలుగు నెలల్లోనే, ఎవరి చేతా చెప్పించకుండానే చేసిపెట్టే ఆఫీసు మన చుట్టుపక్కల రాజన్నది ఒక్కటేనని కూడా ఆ రోజే రుజువైంది. రెండోసారి మొక్కడానికి హనుమండ్లుకు మొహం చెల్లలేదు. మళ్లీ మొక్కితే మళ్లీ కోడె, మళ్లీ డీసీఎం, మళ్లీ యాట.

ఇంతలో ఇంకో మంచి జరిగింది. సర్కారు దవాఖానల్లో స్టాఫ్ నర్సుల పరీక్షా ఫలితాలు వచ్చాయి. నవత మెరిట్‌లో సెలెక్టయింది! ఆ వాడలో సర్కారు నౌకరీ కొట్టిన మొదటి ఆడపిల్ల. పద్దెనిమిదో తారీఖున కరీంనగర్‌లో సర్టిఫికెట్ల పరిశీలన. ఒరిజినల్స్ తప్పనిసరి, తేకపోతే పోస్టు వెనక ఉన్నవాళ్లకు పోతుందని కాల్ లెటర్‌లో లావుపాటి అక్షరాలతో రాసి ఉంది.

కాలేజీ వాళ్లది జాలిగుండె. సంగతి తెలియగానే రేటు తగ్గించారు.

"సగం కట్టుండ్రి చాలు. మిగిలిన సగానికి బాండు పేపర్ మీద రాసియ్యిండ్రి. గీ పూటనే సర్టిఫికెట్లు ఇచ్చేస్తం" అన్నాడు అదే క్లర్కు.

సగమంటే యాభై అయిదు వేలు. హనుమండ్లు వేళ్లు మడిచాడు. ఆ నలభై ఉండి ఉంటే పదిహేను ఎవరి కాళ్లో పట్టుకుంటే పుట్టేది. ఆ రాత్రి అన్నం ముందు ఆ మాటే అన్నాడు.

"గిప్పుడు అనుకుంటే ఏమొస్తది? తిన్న యాట లేసొస్తదా?" అని పోశవ్వ కూర వడ్డించింది. ఆమె తిట్టి ఉంటే హనుమండ్లుకు కాస్త తేలికగా ఉండేది. తిట్టలేదు.

అయినా దాతలకు కొదవా ఈ దేశంలో! పెద్దపల్లిలో సదానందం సారు ఉన్నాడు. రైసుమిల్లు ఓనరు. ఏ చౌరస్తాలో నిలబడ్డా ఫ్లెక్సీలోంచి చేతులు జోడించి మన వంకే చూస్తుంటాడు. ఏటా ఒక బీద విద్యార్థికి ఫీజు కట్టే అలవాటు ఆయనకుంది. హనుమండ్లు కూతుర్ని వెంటబెట్టుకుని మిల్లుకు వెళ్లాడు. సదానందం కాగితాలన్నీ చూసి, టీ తెప్పించాడు.

"ఫికర్ చెయ్యకు హనుమండ్లు. సగమెందుకు, మొత్తం నేనే కడుత. ఇరువై తారీఖు నా పుట్టినరోజు. స్టేజీ మీద పిల్ల చేతుల చెక్కు పెడుత."

"మీ పేరు చెప్పుకొని బతుకుతం సారూ. గని పద్దెనిమిదికే కాయిదాలు సూపెట్టాలెనట. జర ముందుగాల ఇస్తే..."

"ఇచ్చుడుకేంది, గిప్పుడే ఇస్త. గని ఇచ్చినట్టు ఎవరికి ఎరుకైతది?"

ఇది న్యాయమైన ప్రశ్న. చీకట్లో చేసిన దానం ఎవరి కంటపడుతుంది? పుట్టినరోజును రెండు రోజులు ముందుకు జరపమని ఏ మొహం పెట్టుకుని అడుగుతాం? కన్నతల్లి నిర్ణయించిన తేదీ అది! హనుమండ్లు అడగలేదు. పైగా ఆ రోజుకు సారుకు సఫారీ సూటు కుట్టి ఇస్తానని కొలతలు తీసుకుని మరీ వచ్చాడు, కూలి వద్దన్నాడు.

మరునాడు నవత ఫోన్‌కు ఫ్లెక్సీ నమూనా వచ్చింది. సదానందం ఫోటో తలుపంత ఉంది. మూల మీద నవత ఫోటో, పాసుపోర్టు సైజుది. కింద 'నిరుపేద విద్యార్థిని నవతకు చేయూత' అని ఎర్రటి అక్షరాలు.

"బాపు, నాకు మెరిట్‌ల నౌకరొచ్చింది. గీడ నిరుపేద అని రాసిండ్రు."

"ఉన్నదే రాసిండ్రు గదా బిడ్డా."

"ఉన్నదే. నాకు ఎరుక లేదా? గని గది పెద్దపల్లి చౌరస్తల ఎందుకు బాపు? ఫీజు కడుతమన్నది సర్కారు. నేను ఎవల్ని అడుక్కోలే."

హనుమండ్లు ఫోన్‌ను దగ్గరికి తెచ్చుకుని చూశాడు. ఫోటో మంచిగ వచ్చిందన్నాడు. నవత ఫోన్ తీసుకుని సదానందానికి 'ఓకే సార్' అని మెసేజ్ పెట్టింది.

పద్దెనిమిదో తారీఖు పొద్దున తండ్రీ కూతుళ్లిద్దరూ జిరాక్సులు పట్టుకుని కరీంనగర్ వెళ్లారు. లైన్లో ముందున్న పిల్లలు ఒరిజినల్స్ ఫైళ్లను గుండెలకు హత్తుకుని నిలబడ్డారు. మధ్యాహ్నానికి నవత వంతు వచ్చింది. ఆఫీసరు జిరాక్సులు తిప్పి చూశాడు. మర్యాదస్తుడు, గొంతు పెంచలేదు.

"ఒరిజినల్స్ ఏవమ్మా?"

"కాలేజీల ఉన్నయి సార్. ఫీజు పైసలు రాలేదని ఇస్తలేరు."

"ఆ పైసలు ఎవరు ఇవ్వాలె?"

"సర్కారు సార్."

"మరి ఈ ఉద్యోగం ఇస్తున్నదెవరు?"

"సర్కారే సార్."

ఆఫీసరు జిరాక్సుల అంచులు సరిచేశాడు. "అది వేరే డిపార్ట్‌మెంట్ అమ్మా" అన్నాడు.

అయినా ఆయన మనసున్న మనిషి. లోపలికి వెళ్లి ఎవరితోనో మాట్లాడి వచ్చి, పది రోజులు గడువిస్తామని, దరఖాస్తు రాసివ్వమని తెల్లకాగితం ఇచ్చాడు. పది రోజులంటే ఇరవై ఎనిమిది. ఇరవైన సదానందం చెక్కు, మరో నాలుగు రోజులకు కాలేజీ బీరువా. నౌకరీ దక్కినట్టే! హనుమండ్లు రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

నవత బల్ల అంచున కాగితం పెట్టుకుని, 'ప్రభుత్వం నుంచి రావలసిన ఫీజు రెండేళ్లుగా రానందున' అని మొదలుపెట్టింది. ఆఫీసరు చూసి కాగితం వెనక్కి తోశాడు.

"ఇట్ల రాస్తే పైకి పోదమ్మా. సర్కారుకు పోయే ఫైల్లో సర్కారునే తప్పు పడతామా? 'నా సొంత కారణాల వల్ల ఒరిజినల్స్ సమర్పించలేకపోయాను' అని రాయి. నా చేతుల ఉన్నది గంతే."

ఇంకో తెల్లకాగితం ఇచ్చాడు. నవత పెన్నుకు మూత పెట్టి, మళ్లీ తీసింది. వెనక లైన్లో ఉన్నవాళ్లు తొందరపెడుతున్నారు. చివరికి ఆయన చెప్పింది చెప్పినట్టు రాసింది.

"ఏం రాసినవో జర సదువు బిడ్డా" అన్నాడు హనుమండ్లు.

చదివింది. హనుమండ్లు వింటూ వింటూ సొంత కారణాల దగ్గర తల వంచుకున్నాడు. లైన్లో అందరూ ఉన్నారని కూడా చూసుకోలేదు. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని అడిగాడు.

"సొంత కారణమంటే... నేనేనా బిడ్డా?"

"కాదు బాపు! నువ్వు కాదు! ఊకో..." అని నవత తండ్రి చెయ్యి పట్టుకుంది. ఆమెకూ ఏడుపు ఆగలేదు.

ఆఫీసరు ఈలోగా దరఖాస్తు తీసుకుని, ముద్ర వేసి, ఇన్‌వర్డ్ నంబరు ఇచ్చి, తర్వాతి పేరు పిలిచాడు.

కాబట్టి పాఠకులారా, ఎవరూ ఆందోళన పడనక్కర్లేదు. ఫైలంతా సవ్యంగా ఉంది. అందులో సర్కారు తప్పు లేదు, కాలేజీ తప్పు లేదు. బెల్లంపల్లిలో జిప్పులు కుట్టే ఒక తండ్రి తప్పు మాత్రం ఉంది, కన్నకూతురి చేతిరాతతో.