ఆరో లక్ష్యం సాధించిన ఊరు

భూగోళాన్ని బాగుచేయాలంటే ముందు దాన్ని కొలవాలి. కొలవడం సరిగ్గా కుదిరితే ఇక బాగుచేసే పని ఉండదు. ఈ సత్యం ప్రపంచ దేశాలకు ఎప్పుడో తెలిసినా, ఆకివీడు అవతల కొల్లేటి ఒడ్డునున్న తూటిలంకకు మాత్రం మొన్న వేసవిలోనే తెలిసింది.

భావన ఆ ఊరి కోడలు. ఊరి సచివాలయంలోనే ఉద్యోగం. ప్రపంచ దేశాలన్నీ ఒప్పుకున్న సుస్థిర అభివృద్ధి లక్ష్యాల వైపు దేశం ఎంత దూరం నడిచిందో కొలిచే యాప్‌ను ఆమె ఫోన్‌లోకి ఎక్కించారు. ప్రశ్నలు కొల్లేటి చాంతాడంత. పేదరికం, ఆకలి గబగబా దాటేసి (దేశమూ అలాగే దాటింది) ఆరో లక్ష్యం దగ్గర ఆగింది. ఆరోది మంచినీళ్లు.

'ఇంట్లో కుళాయి ఉందా?' అని అడిగింది యాప్. ఇంటింటికీ ఉంది. తిప్పితే నీళ్లూ వస్తాయి. చేపల చెరువుల పక్కనుంచి వస్తాయి కాబట్టి పచ్చగా, ఉప్పగా, కాస్త నీచువాసనతో వస్తాయి. గేదెలు సైతం మూతి పెట్టబోయి ఆలోచిస్తాయి. అందుకే రోజూ ట్యాంకరు రావాలి, ఊరంతా బిందెలతో దాని కోసం కాచుకోవాలి.

భావన ప్రగతి కొలత సమన్వయాధికారి నిత్యానందం గారికి ఫోన్ చేసింది.

"సార్, కుళాయి ఉందండీ. నీళ్లు తాగేటట్టు లేవండీ. అది ఎక్కడ రాయమంటారు?"

"నీళ్ల గురించి అడిగారామ్మా?"

"లేదండీ. కుళాయి గురించే అడిగారు."

"అడగనిదానికి చెబితే అది సమాచారం కాదమ్మా, అభిప్రాయం. అభిప్రాయానికి ప్రపంచ పట్టికలో గడి లేదు." ఆయన గొంతు మెత్తగానే ఉంది. "మీరు లేదని నొక్కితే మండలం ఎర్రబడుతుంది. దాంతో జిల్లా, దాంతో రాష్ట్రం. దేశం ఎక్కడికి జారిపోతుందో ఆలోచించారా?"

అంత బరువు తన బొటనవేలి మీద ఉందని భావనకు అంతవరకూ తెలియదు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదని మాత్రం తెలుసు. 'అవును' నొక్కింది. తెర మీద పూలు రాలాయి.

వారం తిరక్కుండా తూటిలంక లక్ష్యం సాధించిన ఊరైంది. సాధించిన ఊరికి ట్యాంకరు పంపడం నిబంధనలకు విరుద్ధం. కనుక ఆపేశారు. (దాన్ని లక్ష్యానికి ఇంకా దూరంగా ఉన్న ఊరికి పంపారు. అక్కడ బావి నీళ్లు కొబ్బరినీళ్లలా ఉంటాయి. కుళాయిలే లేవు.)

పక్కింటి అచ్చాయమ్మ ఖాళీ బిందెతో వచ్చి అరుగు మీద కూర్చుంది.

"మా కోడలికి వాంతులమ్మా. ట్యాంకరు ఎందుకు రావట్లేదో కాస్త కనుక్కుంటావా?"

భావన ఆమె ముఖంలోకి చూడలేకపోయింది. "నావల్లేనండీ, పిన్నిగారూ," అని జరిగింది చెప్పేసింది.

అచ్చాయమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అడిగినదానికి చెప్పావు, ఏం చేస్తావులే," అని బిందె చంకనెత్తుకుని వెళ్లిపోయింది.

ఆ పూటే భావన 'అవును'ను 'లేదు'గా మార్చబోయింది. ప్రగతి వెనక్కి జరగదని యాప్ మర్యాదగా చెప్పింది. ఫిర్యాదు పెట్టింది. మంచినీళ్లు లేని ఊళ్ల నుంచే అలాంటి ఫిర్యాదులు తీసుకుంటామని జవాబొచ్చింది.

తర్వాత ఏలూరులో, ఆ జిల్లాకూ తూటిలంక ఉన్న పక్క జిల్లాకూ కలిపి ఏసీ హాల్లో సభ పెట్టి, విజయగాథ చెప్పమని భావనను పిలిచారు. ఉద్యోగం పోతే పోయిందనుకుని మైకు పట్టుకుంది.

"మా ఊళ్లో కుళాయి నీళ్లు తాగలేమండీ. తాగినవాళ్లు మంచాన పడ్డారండీ. ఉన్న ట్యాంకరు కూడా నేను నొక్కిన 'అవును' వల్ల ఆగిపోయిందండీ."

హాలంతా చప్పట్లు మోగాయి. (ప్రతి ప్రసంగం చివరా కొట్టాలని కార్యక్రమంలో ఉంది.) నిత్యానందం గారు శాలువా కప్పి, చాలా సహజంగా మాట్లాడారని మెచ్చుకున్నారు.

అందరూ భోజనాలకు లేచారు. బల్లల మీద మూత తీయని నీళ్ల సీసాలు మిగిలిపోయాయి. భావన వాటిని శాలువాలో మూటకట్టుకుని, బస్సెక్కి, చీకటి పడేలోగా అచ్చాయమ్మ ఇంట్లో దింపింది.

ఆరో లక్ష్యం గురించి ఆ వేదిక మీద మాట్లాడినవాళ్లలో, ఏ ఊరికైనా మంచినీళ్లు చేర్చింది ఆమె ఒక్కతే.