ఆఫీసు వేళల్లో పొగ

పక్కింటి పొగను మించిన ఆస్తి ఈ లోకంలో లేదని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. నవ్వకండి! పొగమంచు చూడ్డానికి జనం ఎక్కడెక్కడి నుంచో కార్లేసుకుని మా నర్సీపట్నం మీదుగా లంబసింగి వెళ్తారు. చలికి వణుకుతారు, సెల్ఫీలు దిగుతారు, జలుబుతో తిరిగొస్తారు. మాకా బాధ లేదు. తెల్లవారితే చాలు, మా పెరట్లోనే లంబసింగి! అదీ రోహిణి కార్తెలో కూడా!

ఈ భాగ్యమంతా మా పక్కింటి మత్స్యలింగం గారి చలవ. ఆయనకు ఫ్లెక్సీల షాపుంది. చిరిగినవీ, పేరు తప్పు పడినవీ, ఎవరూ తీసుకెళ్లనివీ అన్నీ ఇంటికి తెచ్చి, స్నానాల నీళ్ల బాయిలర్లో వేసి కాలుస్తారు. అంచేత మాది అల్లాటప్పా పొగ కాదు. ఒకరోజు జన్మదిన శుభాకాంక్షలు, ఒకరోజు శ్రద్ధాంజలి, ఒకరోజు ఓణీల ఫంక్షన్. ఎన్నికలప్పుడైతే పార్టీ భేదం లేకుండా నాయకులందరినీ పీల్చుకున్నాం. ప్రజలకు నాయకులు ఇంతకంటే దగ్గరవుతారా?

లాభాలు ఇంకా ఉన్నాయి. దోమలు మా వీధి వదిలేశాయి. చుట్టాలు రెండో రోజు ఉండమన్నా ఉండటం లేదు. రోలుగుంట నుంచి పాలు తెచ్చే ఆయన పొగలో మా గేటు కనపడక వెనక్కి వెళ్లిపోతున్నాడు కనుక టీ మానేశాం. ఒంటికి మంచిదట!

ఒకే ఒక్క చిన్న ఇబ్బంది. మా ఆవిడ సౌజన్య సంగీతం చెబుతుంది. వేకువనే పెరటి వరండాలో శ్రుతిపెట్టె పెట్టుకుని పిల్లల చేత సరళీ స్వరాలు పాడించేది. ఇప్పుడు 'సా' అనగానే దగ్గు, 'పా' చేరేలోపు ఆయాసం. పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. పొగకు దూరంగా ఉండకపోతే గొంతు దక్కదన్నాడు డాక్టరు. ఆవిడ పాట వినపడకపోతే నాకు తెల్లవారినట్టే ఉండదు. అందుకని వార్డు ఆఫీసులో ఫిర్యాదు పెట్టాను.

ఎంత చురుకైన ఆఫీసు! మర్నాడే శానిటరీ ఇన్‌స్పెక్టర్ శ్రీరామ్ గారు మిట్టమధ్యాహ్నం మా వీధికి వచ్చి, ఆకాశం కేసి చూసి, పొగ లేదని ఫిర్యాదు మూసేశారు. నేను పరుగున ఆఫీసుకి వెళ్లాను.

"పొగ వచ్చేది తెల్లారగట్ల కదండీ?" అన్నాను.

"మా డ్యూటీ పదిన్నరకి కదండీ? అంతకు ముందొచ్చిన పొగని మేమెలా సూస్తాం? మీరే ఆయనతో మాటాడి, మేమొచ్చేసరికి కాస్త పొగ ఏర్పాటు సేయించండి" అన్నారాయన.

ఎంత న్యాయం! తప్పు చేసేవాడు కూడా ఆఫీసు వేళలు పాటించాలి. దొంగలు ఈ సంగతి నేర్చుకుంటే దేశం బాగుపడదూ?

మత్స్యలింగం గారింటికి వెళ్లి, "మీ మీద ఫిర్యాదు పెట్టానండీ, సాక్ష్యం కావాలట, రేపు పగటిపూట కాస్త పొగ పెట్టాలి" అని సిగ్గు విడిచి అడిగాను. ఆయన పొంగిపోయారు.

"దాందేటుంది మేస్టారూ! ఇరుగుపొరుగన్నాక ఆమాత్రం సెయ్యకపోతే ఎలాగ? ఎన్నింటికో సెప్పండి, బేగి ముట్టించేస్తాను. పెద్ద హోర్డింగు ఫ్లెక్సీ ఒకటి మిగిలిపోయింది, అదే ఏసెయ్యమంటారా?"

వేశారు, మహానుభావుడు! ఇన్‌స్పెక్టర్ గారు కళ్లు తుడుచుకుంటూ, గోడ పట్టుకుని మా వరండాలోకి వచ్చారు. పొగ ఉందని ఒప్పుకున్నారు. కానీ పొగ ఉంటే సరిపోతుందా? దానివల్ల ఎవరికైనా ఇబ్బంది ఉండాలట. ఆ ఇబ్బంది పడేవారు స్వయంగా నోటితో చెప్పాలట.

"సెప్పండి మేడం, మీకేటి ఇబ్బంది?" అని అడిగారు.

సౌజన్య నోరు తెరిచింది. దగ్గు. చెయ్యెత్తి ఒక్క క్షణం ఆగమంది. మళ్లీ దగ్గు. కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి. నేను చెప్పబోతే ఆయన వారించారు. పక్కవాళ్లు మాట అందించకూడదట! పాపం, చాలాసేపు మర్యాదగా ఎదురుచూశారు. మళ్లీ అడిగారు, మళ్లీ ఎదురుచూశారు. చివరికి ఏదో రాసుకుని, పెన్ను జేబులో పెట్టుకుని లేచారు.

"ఏం తేల్చారండీ?" అన్నాను ఆశగా.

"ఇంక తేల్సడానికేటుందండీ? అన్నిసార్లు అడిగాను, మేడం గారు ఒక్క ముక్క అన్లేదు. అభ్యంతరం లేదని రాసేశాను."