వరండాలో కాపలా

ఆగండి, ఒక్క నిమిషం ఆ మౌస్ వదిలేసి ఇది వినండి. మానవజాతి భద్రత కోసం ఆపరేటింగ్ సిస్టం వారు చారిత్రక నిర్ణయం తీసుకున్నారు. ఇకమీదట కాపలావాళ్లెవరూ ఇంట్లో ఉండకూడదు. (దొంగల గురించి ఉత్తర్వులో ప్రస్తావన లేదు.)

ఈ వార్త పోర్ట్ బ్లెయిర్ శివారు ఆస్టినాబాద్‌లో, ఇంటి ముందుగదిలో కూర్చుని యాంటీవైరస్ తయారుచేసే యిర్మియాకి చేరింది. అతని ‘ద్వీపకావలి’ ఇన్నాళ్లూ కంప్యూటర్ నట్టింట్లో, అంటే కెర్నెల్‌లో, కాళ్లు బారజాపుకుని కూర్చుని, అనుమానం వస్తే చాలు మెడ పట్టుకునేది. ఎక్కడో ఎవరి కాపలాదారో నట్టింట్లో కాలుజారి పడి ఇల్లంతా కూల్చాడట. అందుకని అందరూ వరండాలోకి. అక్కడ వరసలో నిలబడి, వంతు వచ్చాక ‘అయ్యా, లోపల దొంగ ఉన్నాడా?’ అని అడగాలి. సిస్టం వారు తీరిక చూసుకుని చెబుతారు.

“అరె, ఓడ టికెట్ లైన్లో పెరిగినోళ్లం. మనకి లైనంటే క్యా ముష్కిల్?” అన్నాడు యిర్మియా.

జెట్టీ దగ్గర పద్ధతి దీవుల్లో అందరికీ తెలిసిందే. కౌంటర్ తెరవకముందే వరసలో ఒక చెప్పో, సంచో, రాయో పెట్టి టీకి పోవడం. (ఆ రాయిని ఎవరూ జరపరు. రాయికున్న మర్యాద మనిషికి లేదు.) యిర్మియా అదే చేశాడు. ద్వీపకావలి పేరుతో ఖాళీ ఫైళ్లు బోలెడు తయారుచేసి వరసలో ముందే నిలబెట్టాడు. సిస్టం పుట్టిన ఊళ్లో జెట్టీ ఉందో లేదో ముందు కనుక్కోమంది భార్య లీదియా. అతను కనుక్కోలేదు.

మాయాబందర్ చేపల సొసైటీ మేనేజరు గణేశ్వరరావు ఒక్కడే అతనికి మిగిలిన ఖాతాదారు. కళ్లముందు వైరస్‌ని పట్టి చూపిస్తేనే కొనసాగిస్తానన్నాడు. లేదంటే ద్వీపకావలి దుకాణం మూతే. యిర్మియా ఒక ఉత్తుత్తి వైరస్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని హుషారుగా బస్సెక్కాడు. నిజమైనదానిలా ఉండాలని దానికో ‘నమ్మదగిన ప్రోగ్రాం’ అనే దొంగ సర్టిఫికెట్ కూడా తగిలించాడు.

సొసైటీ ఆఫీసులో పెన్‌డ్రైవ్ పెట్టారు. వైరస్ బుద్ధిగా వరసలో నిలబడి, వంతు రాగానే సర్టిఫికెట్ చూపించింది. సిస్టం వారు సంతోషించి లోపలికి పంపారు. ఆ తర్వాత వరస వైపు చూశారు. ఒకే పేరుతో, లోపల ఏమీ లేకుండా, ఇంతమంది ఎందుకు నిలబడ్డట్టు?

తెరమీద ఎర్ర డబ్బా వచ్చింది. ‘ద్వీపకావలి ప్రమాదకరం. తొలగించాలా?’ కింద రెండు బటన్లు. ‘అవును’, ‘కాసేపాగి అవును’.

ఎర్ర డబ్బా వస్తే బుర్ర వాడకుండా ‘అవును’ నొక్కాలని గణేశ్వరరావుకి ఏళ్ల తరబడి నేర్పినవాడు యిర్మియానే. పాఠం బాగానే అబ్బింది. వేలు అప్పటికే మౌస్ మీద ఉంది. అయినా మర్యాదస్తుడు కనుక అడిగాడు.

“భయ్యా, ఎక్స్‌పర్ట్ మీరే గదా. నొక్కీమంటారేటి?”

వద్దంటే ఇన్నేళ్ల పాఠం అబద్ధం. నొక్కమంటే చేతులారా పెంచిన ద్వీపకావలి గల్లంతు. నట్టింట్లో వైరస్ అప్పుడే కాళ్లు బారజాపుకుంది. మీరైతే ఏం చెప్పేవారు?