పదకొండు నిమిషాల మామగారు

ఆ ఉదయం కేటలాగుగారు పెట్టుకున్న పని ఒక్కటే. పదింటికల్లా కాలేజీకి వెళ్లి, తన దగ్గరున్న క్యాసెట్టును ప్రొఫెసరు చేతిలో పెట్టి రావాలి. లైబ్రరీలో గుమాస్తాగా పనిచేసి రిటైరైన ఆయన్ని అందరూ కేటలాగుగారనే పిలిచి పిలిచి అసలు పేరు మరిచిపోయారు. ఆ పేరు ఇప్పుడు గోడకెక్కబోతోంది. కంప్యూటర్లు ఎక్కడ మొదలై ఎక్కడిదాకా వచ్చాయో చూపించడానికి కాలేజీవాళ్లు ఒక గది తయారుచేశారు. చిల్లుల కార్డులు, గాజు బల్బులతో నడిచిన యంత్రాల ఫొటోలు, ఆ వరసలో ఖాళీగా ఒక చిన్న గాజుపెట్టె. దాని కింద ఊళ్లో మొదటి ప్రోగ్రామని, రాసినవారు ఫలానా అని ఆయన పేరు ఉంటుంది. జన్మకి ఆయన చేసిన ఘనకార్యం అదొక్కటే కాబట్టి ఆశంతా దానిమీదే పెట్టుకున్నారు.

ఆ రోజుల్లో లైబ్రరీకొచ్చిన కంప్యూటరుకు కరెంటున్నంతసేపే జ్ఞాపకశక్తి. ప్రోగ్రామును దాచాలంటే మామూలు పాటల క్యాసెట్టులోనే దాచాలి. ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో చెప్పే ప్రోగ్రామును కేటలాగుగారు ఆరునెలలు కూర్చుని రాశారు. తీరా దాచే వేళకు కొత్త క్యాసెట్టు లేదు, షాపులకు సెలవు. ఇంట్లో ఒకటి దొరికింది. మీద భార్య చేతిరాతతో "నాన్న" అని ఉంది, ఆవిడ ముచ్చటపడి తండ్రి మాటలు రికార్డు చేసుకున్నది. అప్పటికి మామగారు పక్కగదిలో నిక్షేపంగా ఉన్నారు, పొద్దున మొదలెట్టిన ఉపన్యాసం ఇంకా ఆపలేదు. ఆ గొంతుకు ఎప్పటికైనా కరువొస్తుందని అల్లుడికి తోచలేదు. నాలుగునెలలకు ఆయన పోయారు.

భార్య ఆ క్యాసెట్టు కోసం ఇల్లంతా గాలించింది. అది తన ఆఫీసు సొరుగులో ఉందని తెలిసీ కేటలాగుగారు ఆవిడతోపాటు మంచాల కింద దూరి వెతికారు. ముప్పై అయిదేళ్లుగా ఆ పాపం ఆయన్ని లోపల్లోపల తింటూనే ఉంది.

బయట ముసురు పట్టింది. క్యాసెట్టును బల్లమీద పెట్టి గొడుగు కోసం లోపలికెళ్లి వచ్చేసరికి, భార్య దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది.

"ఎక్కడ దొరికిందండీ ఇది?"

ఆవిడ గట్టిగా అడిగి ఉంటే నిజం చెప్పేసేవారేమో. అంత మెల్లగా అడిగేసరికి నోరు రాలేదు. లైబ్రరీలో పాత బీరువా వెనకాల దొరికిందన్నారు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. ఎన్నేళ్లకో భార్య అంత ఆప్యాయంగా చెయ్యి పట్టుకుంటే, దాన్ని అనుభవించే యోగం కూడా లేకపోయింది.

ఆవిడ క్యాసెట్టు మీది రాతను మూలమంచం మీదున్న తల్లికి చూపించి, వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది. అతను రేడియో మెకానిక్కు. పాత టేపు, తిప్పితే తెగిపోతుందని కేటలాగుగారు అడ్డుపడ్డారు. తెగితే అతికిస్తానంటూ బావమరిది అరగంటలో టేపురికార్డరుతో సహా దిగాడు. క్యాసెట్టు మర విప్పి, బూజు తుడిచి, స్పాంజి మార్చాడు. ఆ క్యాసెట్టుకు ఎలాగూ నోరు పెగలదులే అని బావగారు పెట్టుకున్న ఆ కాస్త ధైర్యమూ దాంతో పోయింది.

ఆయన వంటింట్లోకి పోయి, తనకి జ్వరంగా ఉందని ప్రొఫెసరుకు ఫోన్ చేశారు. ప్రారంభోత్సవం మర్నాడే. ఖాళీ పెట్టె భయంతో ప్రొఫెసరు కారేసుకుని తనే వచ్చేశాడు. నాన్న గొంతు వినడానికి పెద్దమనిషి వచ్చాడనుకుని భార్య కుర్చీ వేసింది. అది తన తండ్రిదని పేరుతో సహా చెప్పింది. ఎప్పటిదని అతను అడిగితే, పోయే ముందు ఆయన చేసిన ఆఖరిదని కళ్లొత్తుకుంది. ప్రొఫెసరు కాగితం మీద ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాసుకోవడం కేటలాగుగారు కళ్లారా చూశారు. అది కాదండీ అని ఆయన లేచేలోపు బావమరిది మీట నొక్కాడు.

రేకుమీద మేకుతో గీసినట్టు ఒకటే కీచు. ప్రొఫెసరు మొహం వెలిగింది. భార్య మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అది నా ప్రోగ్రాము," అన్నారు కేటలాగుగారు. "మామయ్యగారి గొంతు చెరిపేసి ఎక్కించాను. తెలిసే చేశాను."

బావమరిది ఆపబోయాడు.

"ఆపకురా," అన్నారు మూలమంచం మీద నుంచి అత్తగారు. "మీ నాన్నే."

పదేళ్లుగా ఆవిడ చెవులకు మనిషి మాట ఆనడం లేదు. ఈ కీచు ఆనింది. పదకొండు నిమిషాలూ కళ్లు మూసుకుని, తలాడిస్తూ, మధ్యలో ఒకసారి నవ్వుకుంటూ విన్నారు. అయిపోయాక మళ్లీ పెట్టమన్నారు. కూతురు చాలాసేపు తల్లి మొహం చూసి, ప్రొఫెసరువైపు తిరిగింది.

"పొరపాటైందండీ. ఇది మా నాన్న గొంతే. ఇవ్వలేం."

ప్రొఫెసరు కేటలాగుగారిని చూశాడు. "మీరేమంటారు సార్?"

మంచం మీద ఆ ముసలావిడ మళ్లీ నవ్వుకుంటున్నారు. ఊళ్లో మొదటి ప్రోగ్రాము తనదేనని ఆ ఒక్క మాట చెప్పుకోవడానికి కేటలాగుగారు ఇన్నేళ్లు ఆగారు.

"మామయ్యగారిదేనండీ," అన్నారు.

ప్రొఫెసరు వానలో తడుస్తూ కారెక్కాడు. మర్నాడు ఆ గాజుపెట్టెలో ఎక్కడిదో ఒక కాలిక్యులేటరు పెట్టి పని కానిచ్చారట.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఆరింటికి మీట నొక్కవలసింది అల్లుడే. భార్య ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఎత్తి నాలుగు మాటలన్నా బాగుండునని ఆయనకుంటుంది. అత్తగారు మాత్రం వింటూ వింటూ, మామగారు ఏమంటున్నారో పక్కనున్నవాళ్లకు విడమరిచి చెబుతారు. ఆ అర్థాలు రోజుకో రకంగా మారతాయి గానీ, అల్లుడు ఎందుకూ పనికిరాడన్న ముక్క మాత్రం ఏ రోజూ తప్పిపోదు.