సర్కారు చేపలకు మేత

ఎవరింట్లో చేపలు బాగా లావెక్కితే వాళ్ళకి గవర్నమెంటు బహుమానం ఇస్తుందట అని ఊళ్ళో ఎవరో అన్నారని, పాలు పోసే ఆవిడ సత్యదుర్గారావు భార్యకి చెప్పింది. భార్య ఆ కబురుని ఉప్మాతోపాటు తెచ్చి అతని ముందు పెట్టింది. అతను ఉప్మా ప్లేటు పక్కకి తోసేశాడు.

సత్యదుర్గారావు ఉప్పలగుప్తం దగ్గర ఓ ఊళ్ళో హెల్త్ అసిస్టెంటు. మలేరియా వ్యతిరేక మాసోత్సవమని మూడు వారాల కిందట ఇంటింటా నూతుల్లోనూ, నీళ్ళ గోలేలలోనూ గంబూషియా చేపపిల్లల్ని వదిలాడు. నీళ్ళలో పుట్టే దోమపిల్లల్ని అవి తినేయాలి. జనం వాటిని ఎక్కడ వేపుకు తినేస్తారోనని భయపడి, ఆటోకి మైకు కట్టించి, "ఇవి మన ఊరికొచ్చిన చుట్టాలండీ, ప్రాణంగా చూసుకోండి" అని వీధి వీధీ తిరిగాడు. ఇవాళ శుక్రవారం. జిల్లా నుంచి ఆఫీసరు సత్యనారాయణమూర్తి గారు తనిఖీకి వస్తున్నారు. నీళ్ళలో పురుగు కనిపిస్తే మెమో. ఇప్పటికే రెండున్నాయి. మూడోది పడితే పెళ్ళాంబిడ్డల్ని వదిలి ఏజెన్సీకి బదిలీ మీద పోవడమే. పదింటికి ఆయనకి తేటనీళ్ళు చూపించి, పన్నెండింటికి జీపెక్కించేద్దామని అతని ప్లాను.

చెయ్యి కడుక్కుని, తన వీధిలోనే ఉన్న అచ్చాయమ్మ ఇంటికి పరిగెత్తాడు. ఆవిడ గోలెం పక్కన పీట వేసుక్కూర్చుని గుప్పెళ్ళతో తవుడు జల్లుతోంది.

"పిన్నిగారూ, ఏంటండి ఇది?"

"మేత బాబూ. రోజుకి మూడు పూటలు."

"మేత వెయ్యకూడదండి. అవి దోమపిల్లల్ని తినాలండి."

"చాల్లే. పై ఊరి నుంచొచ్చిన చుట్టాలని మైకులో నువ్వే చెప్పేవు. చుట్టాలకి పురుగులు పెడతామా? మా ఇంటావంటా లేదు."

తొంగి చూశాడు. కడుపులు ఉబ్బిన చేపలు అడుగున సర్దుకుని ఉన్నాయి. వాటి నెత్తి మీద దోమపిల్లలు హాయిగా ఈదుతున్నాయి.

పక్కిల్లు రొయ్యల రైతు తాతారావుది. అతను నూతిలోకి చెక్‌ట్రే దించి, మేత ఎంత మిగిలిందో చూసుకుంటున్నాడు.

"రండి రండి. వల వేసి చూసేనండి. మూడు వారాల్లో తూకం డబుల్ అయ్యింది. మన చెరువులో రొయ్య కూడా ఇలా ఎదగలేదండి."

"తూకంతో పనిలేదు తాతారావుగారూ."

"ఆయ్, పెంచమని ఇచ్చి తూకం వద్దంటారేంటండి?"

సత్యదుర్గారావు గట్టు మీద కూలబడి మూడో మెమో సంగతి చెప్పాడు. తాతారావు చెక్‌ట్రే పైకి లాగాడు. "ఇంతేనా? ఆయన్ని నాకొదిలేయండి. మీరు నీళ్ళ సంగతి చూసుకోండి."

పదింటికి ఆఫీసరు గారు ఓ చేత్తో టార్చీ, ఓ చేత్తో నీళ్ళు తోడి చూసే పొడుగు కాడ గరిటె పట్టుకుని దిగారు. "ముందు నుయ్యి చూపించండి."

"ముందు బొండం తాగండి," అన్నాడు తాతారావు.

బొండం తరువాత పెసరట్టు. పెసరట్టు తరువాత, ఈపాటికి భోజనం వేళయిందన్నారు. కొబ్బరన్నం, రొయ్యల వేపుడు, పీతల ఇగురు, మావిడికాయ పప్పు. ఆయన వద్దని చెయ్యి అడ్డుపెడితే వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోశారు. పెరుగన్నంలోకి రసాలొచ్చేసరికి ఆయన గరిటె ఎక్కడ పెట్టారో మరిచిపోయారు. నవారు మంచం వేశారు. గురక వీధి దాకా వినిపించింది.

ఆ గురక నడుస్తుండగా సత్యదుర్గారావు పంచె ఎగ్గట్టి, బిందెలు మోసి, వీధిలో గోలేలన్నీ బట్టతో వడగట్టాడు, నూతుల్లో గుడ్డవల తిప్పాడు. ఒక్క అచ్చాయమ్మ మాత్రం గోలేనికి అడ్డంగా నిలబడింది.

"నీళ్ళు కదిపితే చేపలు బెదురుతాయి. ఇప్పుడే తిని పడుకున్నాయి."

"పిన్నిగారూ, మీ కాళ్ళు పట్టుకుంటానండి."

"పట్టుకో బాబూ. గోలెం మాత్రం ముట్టుకోకు."

బతిమాలుతుండగానే నాలుగయ్యింది. ఆఫీసరు గారు లేచి, మొహం కడుక్కుందామని నీళ్ళు వెతుక్కుంటూ సరాసరి అచ్చాయమ్మ గోలెం దగ్గరికే వచ్చి మగ్గు ముంచారు. మగ్గులో పది పదిహేను పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. ఆయనకి మత్తు దిగిపోయింది. టార్చీ వేసి అడుగుకి చూశారు. ఓ చేప తోక కదపబోయి మానుకుంది.

"సత్యదుర్గారావు గారూ, మెమో రాస్తున్నాను," అని పెన్ను తీశారు. "పొద్దుటనుంచీ నీళ్ళలోనే ఉండి, కళ్ళెదురుగా ఇన్ని పురుగులుంటే ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. అసలీ చేపలు ఏం చేస్తున్నట్టండీ?"

అచ్చాయమ్మ చేతికంటిన తవుడు దులుపుకుంది.

"పదింటికి నూతులు చూడ్డానికొచ్చిన తవరు ఇంతసేపూ ఏం చేసేరో, అవీ అదే చేస్తున్నాయండి."

ఆఫీసరు గారు పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు.